ఆరు లక్షల పుట్టినరోజులు, ఒక సున్న

హలో… ఆ, నేనే. ఈ ఇంట్ల ఫోన్ మోగితే లేచి ఉరికేది నేనొక్కదాన్నే గదా.

ఎవరు?… ఓ, బాల్‌నర్సూ! ఏం మరిదీ, హైదరాబాద్ నుంచి పట్టపగలు ఫోన్! వదిన యాదికొచ్చిందా, వదిన కట్టిచ్చిన తొక్కు అయిపోయిందా?…

మీ అన్ననా? మీ అన్న ముచ్చట అడుగకు. ఫోన్‌కు తాళం ఏసి పొద్దుగాల బస్సుకే కామారెడ్డి పోయిండు…

అవును, తాళమే. అంకెలు తిప్పే చక్రం ఉంటది చూడు, దాని రంధ్రంల ఇంత చిన్న తాళం. నేను రోజంత లండన్‌కు ఫోన్లు చేస్తనని ఆయన భయం. లండన్‌ల నాకెవరున్నరు? లింగంపేటల మా పెద్దమ్మ ఉన్నది. ఆమెకు ఫోనే లేదు…

లే లే, ఎత్తుడు అయితది. చేసుడే కాదు. తాళంచెవి జేబుల ఏసుకొని పోయిండు. పోయింది దేనికో చెప్పు?… కాదు… అది గూడ కాదు… ఇంకో తాళం కొననీకి. టీవీ డబ్బాకు.

…

ఏంది, నవ్వుతలేవు? నా మాటకు నువ్వు నవ్వలేదంటే నీకు జ్వరమన్న రావాలె, లేకుంటే నువ్వు ఏదన్న ఖరాబ్ చేసి ఉండాలె.

జ్వరం లేదా?… అయితే ఏం ఖరాబ్ చేసినవ్?

ఆగు. ఆగు నర్సూ. రైలు తప్పిపోయినట్టు మాట్లాడకు. మెల్లగ చెప్పు…

ఆ… నీ ప్రోగ్రాం… ఆ, యాదికున్నది. ఏదో బయటి దేశపోళ్లు ఆరు లక్షల మంది పుట్టినరోజులు రాసిపెట్టుకున్నరు, కాని ఏడాదిని రెండంకెలతోటే రాసుకున్నరు. ఇంకో రెండేండ్లకు రెండువేలు వస్తే ముసలోళ్లు ఎవరో, ఇంకా పుట్టనోళ్లు ఎవరో మిషన్‌కు తెల్వదు. రెండంకెల ఏడాదిని నాలుగంకెలు చేసుడు నీ పని. మరి చేసినవా?…

నడిమిట్ల ఆగిందా?… డెబ్బై వేల మంది అయినంక?… డిస్కు మీద జాగ అయిపోయింది అన్నదా?

పరీక్షకు పది మందిని పెట్టి నడిపిస్తే మంచిగనే నడిచిందా! పది మంది తినే పెండ్లికి ఎవ్వడన్న వండుతడు నర్సూ. నీకు తెలిసేది పదకొండోవాడు కూసున్నప్పుడు.

సరే. ఆగింది. ఆగినదాన్ని మల్ల నడిపిస్తరు. గంత దానికి ఏడుపు గొంతు ఎందుకు?…

మీ సార్ ఎవర్ని పంపిచ్చేస్తడు?… నిన్నా?… కాదా? మరి?…

హఫీజా ఎవరు?… కామారెడ్డి పిల్లనా? ఎవరి బిడ్డ?… స్టేషన్ రోడ్డు మీద గడియారాలు బాగుచేసే అజీముద్దీన్ సాబ్ బిడ్డనా! ఓ… తెల్వకపోవుడేంది. నా పెండ్లినాటి గడియారం ఆయన దగ్గరనే బాగు చేపిచ్చిన. బాగయినంక గూడ పది నిమిషాలు ముందు నడుస్తది. అడిగితే, "వెనక నడిచేదానికంటె మంచిదే గదమ్మా" అన్నడు. నన్ను మాట్లాడకుంట చేసిన మనిషి ఈ జిల్లాల ఆయన ఒక్కడే.

ఆ పిల్ల ఏం చేసింది?…

చిట్టీ రాస్తదా… ఆ ఆ, జేసీఎల్. నువ్వు చదువుకున్నప్పుడు నా చెవులు అరిగేదాక చెప్పినవ్. ప్రోగ్రాం నడిపించుమని మిషన్‌కు రాసిచ్చే చిట్టీ. ఏ ఫైలు తియ్యాలె, ఏ ఫైలు పుట్టియ్యాలె, దానికి డిస్కు మీద ఎంత జాగ ఇయ్యాలె…

అంటే జాగ అడిగింది ఆ పిల్ల. జాగ చాలలే. కాబట్టి తప్పు ఆ పిల్లది. గంతేనా?…

మీ సార్ నాలుగింటికి వచ్చి ఇంటికి పంపిచ్చేస్తనన్నడా? ఒక్క తప్పుకా?… ఇంకా పరీక్ష కాలమేనా… ఆరు నెలలు చూసి పెట్టుకుంటరా… ఓ.

ఏందేంది? వాళ్ల బాపుకు ఈ నౌకరి మొదటి నుంచి ఇష్టం లేదా?… "ఆరు నెలల్ల వాళ్లే పెట్టుకుంటే ఉండు, లేకుంటే షాపుల కూసో" అన్నడా అజీముద్దీన్ సాబ్… మరి ఆ పిల్ల ఏమంటున్నది?… సంచి సర్దుకుంటున్నదా.

నర్సూ. ఒక మాట అడుగుత, సక్కగ చెప్పు. మీ సార్ నిన్ను అడిగినప్పుడు నువ్వేమన్నవ్?…

నువ్వేమన్నవ్ అంటున్న…

"జాగ తక్కువ అడిగినట్టుంది" అన్నవా.

"అడిగినట్టుంది". వారెవ్వా. మంచి మాట. తప్పు ఆమె మీద పడుతది, నీ మీద అబద్ధం పడదు. ఎవరు నేర్పిండ్రు నీకు? నేనైతే నేర్పలే. నేను నేర్పితే ఇంకా మంచిగ చెప్పేటోనివి.

ఇగ మనసుల కలుక్కుమని వదినకు ఫోన్ చేసినవ్… పుస్తకంల చూడమంటవా? ఉన్నది. నీ జిరాక్స్ పుస్తకం ఇక్కడనే ఉన్నది, నువ్వు పాఠాలు రాసుకున్న కచ్చా కాపీ గూడ ఇక్కడనే ఉన్నది. దసరాకు వచ్చినప్పుడు నేను సాఫుగ రాసిచ్చిన కాపీ ఒక్కటే గదా నువ్వు తీసుకపోయింది.

చూస్త. కాని ముందు లెక్క చూద్దాం. ఆ పిల్ల ఎంత జాగ అడిగింది?…

అరవై సిలిండర్లు. ఆగు— గ్యాసువి కాదు అత్తమ్మా, డిస్కు మీద జాగ కొలత! నువ్వు చింతపండు తియ్యి!… ఆ, మీ అవ్వ. చెవులు వినపడయి అంటది గాని సిలిండర్ అంటే వినపడ్డది. మనకు ఒక్కటి రానీకి నెల పడుతున్నది గదా, అరవై అంటే లేచి కూసున్నది.

చెప్పు. ఒక్క సిలిండర్‌ల ఎన్ని ట్రాకులు?… పదిహేను చుట్లు. పదిహేను అరవైలు తొమ్మిది వందలు. ఒక్క చుట్టుల ఎంత మంది పుట్టినరోజులు పడుతయి?…

నీకు తెల్వదా? జాగ తక్కువ అని సార్‌కు చెప్పినోనివి నువ్వే గదా?… ఆ పిల్లను అడుగు… అడగనీకి మొకం లేదా? మొకం చాటు చేసుకొని అడుగు. ఏడ్చుకుంట చెప్పినా లెక్క మారదు…

ఆరు వందల తొంభై ఎనిమిది. ఎట్లనంట?…

ఆ… మెల్లగ, రాసుకుంటున్న… రికార్డులను కట్టలు కట్టి రాస్తరు, ఆ కట్టనే బ్లాకు; దాని సైజు చిట్టీల రాయకుంటే సిస్టమే చూసుకుంటది. చుట్టుల సగానికి మించకుంట, సగానికి ఎంత దగ్గరికి పోతే గంత. అంటే చుట్టుకు రెండు బ్లాకులు… సగం చుట్టుల పట్టేది?… ఇరవై ఏడు వేల తొమ్మిది వందల తొంభై ఎనిమిది అక్షరాలు. ఒక్క మనిషి రికార్డు?… ఎనభై.

ఆగు, చింతపండు కాయిదం మీద భాగిస్తున్న… మూడు వందల నలభై తొమ్మిది సార్లు పోతది, ఇంక కొంచెం మిగులుతది. మిగిలినకాడ మనిషిని తుంచి పెట్టరు గదా. కాబట్టి మూడు వందల నలభై తొమ్మిదే. రెండు బ్లాకులకు… ఆరు వందల తొంభై ఎనిమిది.

సరిగ్గనే చెప్పింది నర్సూ. కాయిదం గూడ లేకుంట, ఏడ్చుకుంట.

ఇగ దాన్ని తొమ్మిది వందల చుట్లతోటి గుణిస్తే… ఆరు లక్షల ఇరవై ఎనిమిది వేల రెండు వందలు! విన్నవా? ఆరు లక్షల మందికి విస్తర్లు ఏసి, చెప్పకుంట వచ్చే ఇరవై ఎనిమిది వేల మందికి గూడ ఏసింది. గిది తక్కువనా? నా పెండ్లిల ఇంత లెక్కగ వండి ఉంటే మా మేనమామలు ఇప్పటిదాక అలిగి ఉండకపోదురు.

జాగ చాలినంత ఉన్నది. మరి డెబ్బై వేలకే ఎట్ల నిండింది?

సరిగ్గ చెప్పు, డెబ్బై వేలా, ఇంకా పైననా?… డెబ్బై వేల రెండు వందలు. తొమ్మిది వందలతోటి భాగించు. నువ్వే భాగించు, నీకు గూడ కొంచెం పని ఉండాలె…

ఎంత?… డెబ్బై ఎనిమిది. చూసినవా? ఒక్క చుట్టుల ఆరు వందల తొంభై ఎనిమిది ఎక్కాల్సిన కాడ డెబ్బై ఎనిమిదే ఎక్కినయి. మిగిలిన జాగ ఎవరు తిన్నరు?

హఫీజా ఏదో అంటున్నది గదా, ఏమంటున్నది?… మల్ల చెప్పు… "ఒక్కో రికార్డును ఒక్కో బ్లాకు చేస్తే డెబ్బై ఎనిమిదే పడుతయి" అంటున్నదా. ఎందుకట?… బ్లాకుకు బ్లాకుకు నడుమ మిషన్ ఖాళీ ఇడుస్తదా… ప్రతి బ్లాకుకు?… ఓహో!

బీడీ కట్టలు నర్సూ! లింగంపేటల మా పెద్దమ్మ ఇరవై ఐదు బీడీలకు ఒక్క కట్ట కడుతది. ఒక్కో బీడీకి ఒక్కో దారం చుట్టి, ఒక్కో చిట్టీ అంటిచ్చి గంపల పెట్టు. గంప నిండుతది. దేనితోటి? దారంతోటి, చిట్టీలతోటి. బీడీలు మాత్రం పిడికెడు. సేటు వచ్చి చూసి, "గంప చిన్నది తెచ్చినవ్" అని ఆమెను తిడుతడు. మీ సార్ గిప్పుడు గదే చేస్తున్నడు.

నువ్వు ఊకో, తిడుడు నా వంతు. ఎంత సేపు నడిచింది, డెబ్బై వేలు రాసేదానికి?… గంత సేపా! మరి కాదా? ఒక్కొక్కటి రాయనీకి ఒక్కొక్కసారి పోవుడాయె. గాంధారి ఊరి ఆటోవాడు ఒక్క మనిషిని ఎక్కించుకొని కామారెడ్డిల దించి, మల్ల ఖాళీగ పోయి ఇంకొకర్ని తెచ్చినట్టు. ఏ ఆటోవాడన్న గట్ల చేస్తడా? లోపట ఎనిమిది మంది, ముందట నలుగురు, ఒళ్లె ఒక మేకపిల్ల ఎక్కేదాక కదలడు. మీ మిషన్ కంటె ఆటోవానికే అకల్ ఎక్కువ.

అయితే ఒక్కోటి ఒక్కో బ్లాకు చెయ్యుమని మిషన్‌కు ఎవరు చెప్పిండ్రు?

చిట్టీల బ్లాకు సైజు ఎంత రాసింది పిల్ల?… ఏం రాయలేదా?… ఆగు ఆగు, "దొరికింది" అని సంబరపడకు. రాయకుంటే సిస్టమే చూసుకుంటది అని గిప్పుడే చెప్పింది గదా. ఉండు, పుస్తకం తెస్త. ఫోన్ పక్కకు పెడుతున్న, నువ్వు పెట్టెయ్యకు. పెడితే నేను మల్ల చెయ్యలేను.

…

…

ఆ, హలో. ఉన్నవా? దొరికింది. మీ అన్న దీన్ని తొక్కు జాడీ కింద పెట్టిండు. నూనె అంటి ఈ పక్క అక్షరం ఆ పక్కకు కనపడుతున్నది. పర్వాలేదు, ఒక్క పేజీల రెండు పేజీలు చదువుకోవచ్చు.

బ్లాకు సైజు… బ్లాకు సైజు… ఇగో. ఎవరి మాట చెల్లుతది అన్నదానికి వరస ఉన్నదట. ముందు ప్రోగ్రాం మాట. ప్రోగ్రాం ఏమనకుంటే అప్పుడు చిట్టీ మాట. చిట్టీ గూడ ఏమనకుంటే, ఫైలు పాతదైతే దాని మీద ముందే రాసి ఉన్న మాట. వీళ్లెవ్వరు ఏమనకుంటే అప్పుడు సిస్టమ్ ఇష్టం.

అచ్చం మన ఇల్లే నర్సూ. కూర ఏం వండాలె అంటే ముందు మీ అవ్వ మాట. ఆమె ఊకుంటే మీ అన్న మాట. ఆయన గూడ ఊకుంటే, నిన్న ఏం వండితే అదే. ముగ్గురు నోరు మూసుకుంటే అప్పుడు నా ఇష్టం. పదకొండేండ్లయింది, ఆ దినం ఇంక రాలే.

సరే, విను. ముందు ప్రోగ్రాం మాట చెల్లుతది అన్నప్పుడు, హఫీజా చిట్టీల ఏం రాసినా రాయకున్నా లాభం లేదు. ఒక్కోటి ఒక్కో బ్లాకు చెయ్యి అని నీ ప్రోగ్రామే అన్నది. నువ్వు రాసిన ప్రోగ్రాం…

నువ్వు అట్ల రాయలేదా?… మరి ఎట్ల రాసినవ్?… బ్లాకు మాటనే ఎత్తలేదా. ఒక్క ముక్క గూడనా?

ఇంకా ఉన్నది, చదువుత. "బ్లాకుల ఎన్ని రికార్డులు ఉండాల్నో చెప్పే లైను ప్రోగ్రాంల లేకపోతే, కంపైలర్ దాన్ని ఒక్కటి అనుకుంటది."

విన్నవా! నువ్వు ఊకున్నవ్. నీ రాతను మిషన్ భాషలకు మార్చే కంపైలర్ ఊకోలే. నీ తరఫున అదే మాట్లాడి "ఒకటి" అన్నది. ప్రోగ్రాం మాట అయిపోయింది, ఇగ చిట్టీని అడిగేదెవరు, సిస్టమ్‌ను అడిగేదెవరు! నీ పెండ్లి సంబంధం మాట్లాడనీకి పోయినప్పుడు గిట్లనే గదా, నువ్వు తల వంచుకొని కూసున్నవ్, పక్కకున్న మీ చిన్నాయన "మా వానికి పిల్ల నచ్చింది" అన్నడు…

ఇంకా కింద ఉన్నది. "ఆ లైనుల సున్న రికార్డులు అని రాస్తే, కంపైలర్ ఏమీ చెప్పక పక్కకు జరుగుతది. చిట్టీల ఉంటే చిట్టీ మాట, లేకుంటే సిస్టమే మంచి సైజు చూసుకుంటది."

అంటే సున్న అని రాస్తే సున్న మందిని కూసోబెట్టుమని కాదు. "నేను చెప్తలేను, మీరే చూసుకోండ్రి" అని. ఆ ఒక్క లైను రాస్తే హఫీజా లెక్క అక్షరాల సరిపోతుండె.

దొరికినవ్ మరిదీ! మీ సార్‌కు పోయి చెప్పు. ఒక్క లైను రాయకపోతివి. రాయకపోతే రాయకపోయినవ్, తప్పు తెచ్చి ఆ పిల్ల మెడకు చుట్టినవ్. గడియారాలు బాగుచేసే ఇంట్ల పుట్టిన పిల్ల, నిమిషం గూడ తప్పు లెక్క చెయ్యదు. నువ్వు చూస్తే సర్పంచ్ లెక్క "అడిగినట్టుంది" అంటివి. సిగ్గుండాలె. చదువు రాకుంటే పోనీ అనుకుంటం, చదివినది సరిగ్గ ఎక్కియ్యరాదా? ఇంత చిన్న లైను! నా అసుంటిది గూడ…

ఏందీ?…

నా సాఫు కాపీ చూసుకుంటనే ప్రోగ్రాం రాసినవా? నా కాపీల ఆ లైను లేదా?

నా కాపీల ఎట్ల లేకుంట పోతది! నేను నీ కచ్చా కాపీ ముందట పెట్టుకొని, సుక్క పొల్లు పోకుంట రాసిన. నా కాపీల లేదంటే నీ కచ్చా కాపీల లేనట్టే. పాఠం చెప్పేటప్పుడు నువ్వు కిటికీల నుంచి బయటికి చూసినవ్, గంతే. ఉండు, నీ కచ్చా కాపీ గూడ తీస్త. నీ ముందటనే తేలుస్త.

అబ్బ, ఏం రాత నర్సూ ఇది. కోడి గెలికినట్టున్నది… ఫైళ్ల సంగతి ఏ పేజీల… ఇగో…

…

…

…

ఆ? ఉన్న. ఉన్న నర్సూ. లైను కట్ కాలే.

ఏం లేదు… మీ అవ్వ ఏదో అడుగుతున్నది…

ఏం అడుగుతలేదు నిజానికి.

కనపడుతున్నదా అంటే… కనపడుతలేదు అనలేం. పేజీకి నూనె అంటి… అవును, నూనె అంటింది ఆ పుస్తకానికే. కచ్చా కాపీకి అంటలే.

టైం ఎంత అయింది అక్కడ?… నాలుగింటికి ఇంకా పది నిమిషాలు ఉన్నయి గదా. ఏం పరేషాన్ కాకు… మీ సార్‌కు కంపైలర్ తప్పు అని చెప్పు. అది ఎట్లయినా నోరు తెరిచి లేదనదు…

సరే. సరే, చెప్త.

లైను ఉన్నది. నీ రాతలనే, సక్కగ ఉన్నది. "బ్లాక్ కంటెయిన్స్ జీరో రికార్డ్స్." దాని మీద ఎర్ర పెన్నుతోటి గీత కొట్టి ఉన్నది. పక్కకు చిన్నగ ఇంకో మాట రాసి ఉన్నది… చదువాల్నా?…

"సున్న అంటే ఏం లేదు. ఏం లేనిదాన్ని రాసుడెందుకు."

ఎవరి రాతనా… గుండ్రంగ, ముద్దుగ ఉన్నది. నీది కాదు.

నవ్వుతున్నవా ఏడుస్తున్నవా?… రెండూనా. మంచిది.

ఆ దినం పొయ్యి మీద పప్పు ఉన్నది నర్సూ. ఒక చేత గంటె, ఒక చేత పెన్ను. ఈ లైను కాడికి వచ్చి ఆగిన. సున్న పట్టే డబ్బా ఏం డబ్బా? ఖాళీ డబ్బాకు పేరు రాసి అర్రల పెడుతమా అనుకున్న. మరిదికి నిద్రల చెయ్యి జారి ఉంటది, పాపం, నేనే సరిచేస్త అనుకున్న. లెక్కల బీఎస్సీని గదా! కాలేజీల సున్న మీద నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

నువ్వు పక్క అర్రలనే ఉంటివి. "నర్సూ, ఇదేంది" అని ఒక్క కేక ఏస్తే అయిపోతుండె. ఎందుకు ఏస్త? నిన్ను అడిగితే నాకు తెల్వదని నీకు తెలుస్తది గదా.

అరె, నువ్వెందుకు నీ మీద ఏసుకుంటవ్?… "నేనే మరిచిపోయిన అంట" అంటున్నవా… ఇంతసేపు ఆ పిల్ల మీద ఏసినోనివి, గిప్పుడు వదిన అనంగనే హరిశ్చంద్రుడివైతివి. లాభం లేదు. నువ్వు మరిచిపోయిన అంటే మీ సార్ నిన్ను నమ్ముతడా? పొద్దున ఒకటన్నవ్, మాపటికి ఒకటంటున్నవ్. ఆ పిల్లను కాపాడనీకి అంటున్నవ్ అనుకుంటడు. అప్పుడు ఇద్దరు సంచులు సర్దుకోవాలె.

ఫోన్ హఫీజాకియ్యి.

ఇయ్యి అంటున్న.

…

హఫీజా? సలాం బేటీ. నేను నర్సు వదినను, ఎల్లారెడ్డి నుంచి… రోనకో. ఏడువకు. నీ లెక్క చూసిన నేను. ఒక్క అంకె తప్పు లేదు. ఇరవై ఎనిమిది వేల మందికి ఎక్కువనే పెట్టినవ్ గూడ…

వద్దు. "పర్వాలేదక్కా" అనకు. పర్వా ఉన్నది. నువ్వు పర్వాలేదు అంటే నాకు తప్పించుకోబుద్ధి అయితది. ముందే నా బుద్ధి అంత మంచిది కాదు.

విను. ప్రోగ్రాంల ఆ లైను పెట్టిచ్చి, మల్ల కంపైల్ చేపిచ్చి నడిపియ్యండ్రి. నీ చిట్టీల ఒక్క అక్షరం ముట్టకు. ఎవరు ముట్టుమన్నా ముట్టకు. అది సరిగ్గనే ఉన్నది… ఆ, నర్సు నీకు చెప్పేది ఒకటుంది, వానితోటి చెప్పిస్త. వాడు చెప్పేదాక ఊకోకు…

ఏంది?… వచ్చిండా? సార్ వచ్చిండా? ఇంకా నాలుగు కాలే గదా!… మీ బాపు గడియారం చూసి వచ్చిండేమో.

ఆయనకియ్యి ఫోన్. ఏమన్నా అననీ… నర్సు ఏమంటున్నడు? "వద్దు వదినా, ఆఫీసుల పరువు పోతది" అంటున్నడా? పోయేది నా పరువు, వానిది కాదు. ఇయ్యి.

…

నమస్కారం సార్. నేను బాలనర్సయ్య వదినను మాట్లాడుతున్న. ఎల్లారెడ్డి నుంచి…

లేదు సార్, ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు. ఎవ్వరు పోలే. మీ ప్రోగ్రాం గురించి ఫోన్ల ఉన్న…

ప్రోగ్రాం సార్. పుట్టినరోజులది… ఆ. అదే.

నేనా? ఇల్లాలిని… లేదు సార్, కంప్యూటర్ చూడలే. ఫోటోల చూసిన.

రెండు నిమిషాలు ఇనండ్రి, ఇని తర్వాత తిట్టండ్రి. హఫీజా అరవై సిలిండర్లు అడిగింది. తొమ్మిది వందల ట్రాకులు. సిస్టమ్ బ్లాకు కడితే ట్రాకుకు ఆరు వందల తొంభై ఎనిమిది. ఆరు లక్షలకు చాలి మిగులుతది. మీది డెబ్బై వేల రెండు వందలకు ఆగింది. భాగించి చూడండ్రి, ట్రాకుకు డెబ్బై ఎనిమిది. అంటే ఒక్కో రికార్డు ఒక్కో బ్లాకు. జాగ తక్కువ కాలే సార్. ప్రోగ్రాంల బ్లాకు లైను లేదు, కంపైలర్ ఒకటి అనుకున్నది. కంపైలర్ మాట ముందు చెల్లింది, ఆ పిల్ల చిట్టీని ఎవ్వరు అడగనే లేదు…

ఆ… చూడండ్రి. లిస్టింగ్ కాయిదం తీపిచ్చి చూడండ్రి. ఆగుత.

…

ఎనభై ఉన్నదా సార్ బ్లాకు సైజు? రికార్డు ఎనభై, బ్లాకు గూడ ఎనభై. మరి నేను చెప్పింది అదే.

…

హఫీజాను కూసోమన్నరా?… సంచి కింద పెట్టిందా?… మంచిది సార్. శాన మంచిది.

రిజిస్టర్‌లనా?… ఆగిన ప్రతిసారి కారణం రాయాల్నా… ఎవరి వల్ల ఆగిందో ఆ పేరు గూడనా?… ఇంతకుముందు ఏం రాసిండ్రు?… ఆ పిల్ల పేరు రాసిండ్రా. కొట్టెయ్యండ్రి. దాని మీద గీత కొట్టి, నా పేరు రాయండ్రి.

రాజమణి… లేదు సార్, మీ దగ్గర నౌకరి లేకున్నా రాయొచ్చు. తప్పు చేసేదానికి నౌకరి ఎందుకు?… నౌకరి నంబర్ లేదు. ఎల్లారెడ్డి అని రాయండ్రి.

కారణమా…

సాఫు కాపీ రాసేటప్పుడు ఆ లైను నేను తీసేసిన సార్. బాలనర్సయ్య సరిగ్గనే రాసుకున్నడు. నాకు అర్థం కాలే. అర్థం కాలేదని అడగలే. అడగకుంట, అర్థం అయినట్టు గీత కొట్టిన…

ఆ?… హలో?… గర గర అంటున్నది సార్, మీకు గూడనా?… వినపడుతలేదా? ఎక్కడిదాక వినపడ్డది?… పేరు దాకనేనా! అసలు మాట వినపడలేదా!

హలో… సార్, గీత కొట్టింది— హలో!… గట్టిగనా?… ఇంట్ల మా అత్తమ్మ ఉన్నది సార్, జర… సరే.

తప్పు నాది అంటున్న!…

ఇంకా గట్టిగనా?

తప్పు నాది! హఫీజాది కాదు, నర్సుది కాదు, మిషన్‌ది గూడ కాదు! నాది! రాజమణిది!

…

రాసుకున్నరా?… మంచిది సార్. పెట్టేస్తున్న.